టీ దగ్గర నాలుగు గజాలు ఎక్కువ కావాలా? వైజాగ్‌లో ఆడేవాళ్ళకు గోల్ఫ్ బంతి ఎంపిక

గోల్ఫ్ బంతి డబ్బా ఏది తిప్పి చూసినా దూరం గురించే రాసి ఉంటుంది. చవక బంతిదీ అదే మాట, ఖరీదు బంతిదీ అదే మాట. అన్నీ దూరం పోయేవే అయితే ఇక ఎంచుకోవడం దేనికి? అందుకని కొనేముందు కాస్త లెక్క తేల్చుకుందాం.

హోల్ మొదలుపెట్టే చోటును టీ అంటారు, అక్కడ నుంచి డ్రైవర్ అనే పొడుగు క్లబ్‌తో కొట్టే షాట్‌ను డ్రైవ్ అంటారు. రూల్స్‌కు లోబడి తయారైన ఏ బంతీ మీ 190 గజాల డ్రైవ్‌ను 220 చెయ్యదు. చెయ్యనివ్వరు కూడా. గోల్ఫ్ రూల్స్ రాసే రెండు సంస్థలు, స్కాట్లాండ్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ, బంతికి కళ్ళెం వేసి చాలా ఏళ్ళయింది. బరువు 45.93 గ్రాములు దాటకూడదు. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గంటకు 120 మైళ్ళ క్లబ్ (బంతిని కొట్టే కర్ర) వేగంతో పరీక్షిస్తే 317 గజాలు, సడలింపు కింద ఇంకో మూడు గజాలు. అంతకు మించి పోయే బంతి పోటీల్లో చెల్లదు. పెద్ద కంపెనీల మంచి బంతులన్నీ ఆ గీత దరిదాపుల్లోనే ఉంటాయి.

అయితే ఆ పరీక్షలో బంతి లేచే కోణం, తిరిగే వేగం వేరు, మీవి వేరు. తేడా పుట్టేది అక్కడే. మీ స్వింగ్‌కు సరిపడే బంతికీ సరిపడని బంతికీ మధ్య మామూలు ఆటగాడికి ఐదు గజాలు తేడా వస్తుంది, మహా అయితే పది. అదే బంతి డ్రైవర్ మొహం మధ్యలో కాకుండా అర అంగుళం పక్కన తగిలితే అంతకన్నా ఎక్కువే పోతుంది. కాబట్టి ఉన్న డబ్బంతా బంతుల మీద పెట్టే ముందు అందులో కొంత కోచ్ దగ్గర పెడితే ఎక్కువ గజాలు వస్తాయని నా గట్టి నమ్మకం. అయినా ఎలాగూ ఏదో ఒక బంతి కొనాలి కదా, సరైనదే కొందాం.

బంతి లోపల ఏముంటుంది

కేడీలు (ఆటగాళ్ళ బ్యాగు మోసేవాళ్ళు) ఎప్పుడైనా రంపంతో రెండుగా కోసిన బంతి చూపిస్తే చేతిలోకి తీసుకుని చూడండి. టూ పీస్ బంతి అయితే లోపల ఒకే పెద్ద రబ్బరు గుండు, దాని మీద రెండు మిల్లీమీటర్లు కూడా లేని పెంకు. అంతే. గోటితో నొక్కితే ఆ పెంకు అసలు లొంగదు. అది అయనోమర్ అనే గట్టి ప్లాస్టిక్, బజారులో సర్లిన్ అంటారు. త్రీ పీస్ అయితే గుండుకూ పై పెంకుకూ మధ్య సన్నటి ఇంకో పొర కనిపిస్తుంది. ఖరీదైన బంతుల్లో పై పెంకు యూరెథేన్‌ది. గోటికి కొంచెం తగులుతుంది. వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్) మొహం మీది గాళ్ళు దాన్ని పట్టుకుంటాయి కాబట్టే గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడిన బంతి ఆగుతుంది.

మన పనికి ముఖ్యమైన సంగతి ఏమిటంటే, డ్రైవర్‌తో కొట్టినప్పుడు పై పెంకు పాత్ర చాలా తక్కువ. క్లబ్, బంతి కలిసి ఉండేది సెకనులో రెండు వేలో వంతు. ఆ కాసేపట్లో బంతి నలిగి, లోపలి గుండు తిరిగి విచ్చుకుంటేనే వేగం వస్తుంది. అంటే టీ దగ్గర పని గుండుది, గ్రీన్ దగ్గర పని పెంకుది. ఖరీదు తేడాలో పెద్ద భాగం పెంకుదే. టైటిలిస్ట్ కంపెనీ యూరెథేన్ బంతి ప్రో వీ1 2025లో అమెరికాలోనే డజను 55 డాలర్లు ఉండేది. మామూలు టూ పీస్ బంతులు అందులో సగానికి వస్తాయి. కేవలం టీ దూరం కోసం యూరెథేన్‌కు డబ్బు పెట్టనక్కర్లేదన్నమాట.

కానీ దీన్ని తిరగేసి, యూరెథేన్ బంతులు దూరం పోవు అని కూడా అనుకోకండి. ఆ మాట 1990ల నాటిది. అప్పటి ప్రోలు లోపల రబ్బరు దారం చుట్టిన, పైన మెత్తటి బలాటా పెంకున్న బంతులు ఆడేవారు. అవి గ్రీన్ మీద బాగా ఆగేవి, టీ నుంచి తిరుగుడు ఎక్కువై దూరం పోయేవి కావు. 2000 అక్టోబరులో టైటిలిస్ట్ ప్రో వీ1 పీజీఏ టూర్‌లోకి (అమెరికాలో ప్రోలు ఆడే పోటీల వరస) వచ్చాక ఆ తేడా చెరిగిపోయింది. గట్టి గుండు, మధ్య పొర, పైన యూరెథేన్. కొన్ని నెలల్లోనే టూర్ అంతా దారం బంతులు వదిలేసింది. ఇప్పుడు టూర్ బంతులు డ్రైవర్‌తో ఏ డిస్టెన్స్ బంతికీ తీసిపోవు. క్లబ్బులో పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ 'అది స్పిన్ బాల్, మనకెందుకు' అంటారు. పాతికేళ్ళ కిందటి మాట.

మెత్తని బంతి దూరం పోతుందా?

వైజాగ్ క్లబ్బులో ఎక్కువగా వినిపించే సలహా ఇది: 'మీ స్వింగ్ స్లో సార్, సాఫ్ట్ బాల్ పెట్టండి, పది గజాలు ఎక్కువ పోద్ది.' నౌకాదళంలో, స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో పనిచేసి రిటైరై గోల్ఫ్ పట్టుకున్నవాళ్ళందరికీ ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు. దీన్ని కాస్త విప్పి చూడాలి.

బంతి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలతను కంప్రెషన్ అంటారు. కాలవే సూపర్‌సాఫ్ట్ లాంటివి 40 దరిదాపుల్లో ఉంటాయి. ప్రో వీ1 దాదాపు 90. ప్రో వీ1ఎక్స్ వందకు దగ్గర. నెమ్మదిగా కొట్టేవాడు గట్టి బంతిని నలపలేడు, నలగకపోతే దూరం పోదు, కాబట్టి మెత్తనిదే మేలు. వాదన ఇదీ. వినడానికి బాగానే ఉంటుంది. నిజానికి నెమ్మది స్వింగ్‌కు కూడా బంతి నలుగుతుంది, కాకపోతే కొంచెం తక్కువ. మరీ మెత్తని బంతిని కొట్టడం గాలి తగ్గిన ఫుట్‌బాల్‌ను తన్నడం లాంటిది, శక్తి కొంత లోపలే ఖర్చైపోతుంది. స్వింగ్ వేగం పెరిగే కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. గంటకు 100 మైళ్ళ పైన కొట్టే కుర్రాడు సూపర్‌సాఫ్ట్ ఆడితే గజాలు వదులుకుంటున్నట్టే.

మరి 80, 85 మైళ్ళ దగ్గర కొట్టేవాళ్ళకు? అక్కడ తేడా బాగా సన్నబడుతుంది. మెత్తని బంతి వేగంలో కొంచెం పోగొట్టుకుంటుంది, తిరుగుడు తక్కువ కావడంతో కొంచెం తిరిగి సంపాదిస్తుంది. చివరికి ఇంచుమించు సమానం. అంటే సాఫ్ట్ బంతి వల్ల పది గజాలు రావు, పది గజాలు పోవు కూడా. చేతికి ఆ మెత్తదనం నచ్చితే హాయిగా ఆడండి. మోచేతి నొప్పి ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు చాలామంది దానికోసమే ఆడతారు, అది తప్పేం కాదు. 'దూరం కోసం సాఫ్ట్' అన్నదే తప్పు లెక్క.

ఇంకో సంగతి. స్వింగ్ వేగం గురించి మనవాళ్ళ అంచనాలు కాస్త ఉదారంగా ఉంటాయి. పీజీఏ టూర్ ఆటగాళ్ళ సగటు డ్రైవర్ వేగం గంటకు 115 మైళ్ళ దగ్గర. ఎల్‌పీజీఏ మహిళలది 94. మామూలు క్లబ్ ఆటగాళ్ళలో మగవాళ్ళది కూడా అంతే. ఎవరైనా 'నాది 105 ఉంటుంది' అంటే లాంచ్ మానిటర్ (క్లబ్, బంతి వేగం కొలిచే యంత్రం) మీద చూసే నమ్మాలి.

మీ బంతి గాల్లో ఎలా పోతోంది?

ఎంపికలో అసలు పట్టు ఇక్కడ ఉంది. స్వింగ్ వేగం చూసి బంతి ఎంచుకోవడం కంటే, బంతి గాల్లో వేసే గీత చూసి ఎంచుకోవడం మేలు. దానికి యంత్రం అక్కర్లేదు. వెనక నిలబడి చూసే స్నేహితుడు చాలు.

బంతి మొదట కిందుగానే వెళ్ళి, మధ్యలో ఒక్కసారి పైకి లేచి, గాల్లో నిలబడిపోయినట్టై నిట్టనిలువుగా పడుతుంటే, వెనక్కి తిరిగే తిరుగుడు ఎక్కువైందని అర్థం. పడ్డాక దొర్లదు. ఎదురుగాలిలో అయితే చూడనే అక్కర్లేదు, కళ్ళముందే వెనక్కి వస్తున్నట్టు ఉంటుంది. డ్రైవర్‌తో నిమిషానికి 2200 నుంచి 2800 చుట్ల దాకా తిరుగుడు ఉంటే మంచిదని ఒక లెక్క. ఇలాంటివాళ్ళలో చాలామందిది నాలుగు వేల దాకా వెళుతుంది. తక్కువ తిరిగే బంతి నిజంగా పనిచేసేది వీళ్ళకే. టూ పీస్‌లో పినకిల్, స్రిక్సన్ డిస్టెన్స్, కాలవే వార్‌బర్డ్, టేలర్‌మేడ్ డిస్టెన్స్ ప్లస్ లాంటివి. యూరెథేన్ కావాలంటే టైటిలిస్ట్ ఏవీఎక్స్. ఇది కిందుగా పోతుంది, తిరుగుడు తక్కువ. వేగం ఉన్నవాళ్ళకైతే ప్రో వీ1ఎక్స్‌లోనే లెఫ్ట్ డ్యాష్ అని ఇంకోటి ఉంది, పెద్ద షాట్లలో తక్కువ తిరుగుతుంది. బాగా గట్టిగా ఉంటుంది మాత్రం.

రెండో రకం దీనికి సరిగ్గా వ్యతిరేకం. బంతి బల్లపరుపుగా వెళ్ళి, దమ్ము అయిపోయినట్టు ముందే కిందకు వాలిపోతుంది. నెమ్మది స్వింగ్‌వాళ్ళలో, పై నుంచి కిందకు కొట్టేవాళ్ళలో ఇది ఎక్కువ. వీళ్ళకు 'లో స్పిన్ డిస్టెన్స్' బంతి అమ్మేస్తే ఇంకా దగ్గరే పడుతుంది. గాల్లో బంతిని నిలబెట్టేది ఆ తిరుగుడే. బంతి వెనక్కి తిరుగుతుంటే గాలి దాన్ని పైకి ఎత్తుతుంది. తిరుగుడు మరీ తగ్గిపోతే ఎత్తేవాళ్ళు లేక పడిపోతుంది. ఇలాంటివాళ్ళు ఎత్తుగా లేచే బంతి చూసుకోవాలి. టూ పీస్‌లో టైటిలిస్ట్ వెలాసిటీ ఎత్తుకే పేరు. ఖరీదు పెట్టగలిగితే ప్రో వీ1 కన్నా ప్రో వీ1ఎక్స్ ఎత్తుగా లేస్తుంది. అంతకన్నా ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది, బంతిని నిలబెట్టే పుల్లను (దాన్నీ టీ అనే అంటారు) అర అంగుళం ఎత్తు పెంచండి. డ్రైవర్ లాఫ్ట్ (మొహం వెనక్కి వాలిన కోణం) 9 డిగ్రీలు ఉంటే 10.5 లేదా 12 వేసి చూడండి. బంతి చెయ్యలేని పని ఇవి చేస్తాయి.

ఇక మూడోది, మనలో సగం మంది జబ్బు. స్లైస్. కుడిచేతి ఆటగాడి బంతి ఎడమగా మొదలై కుడివైపు చెట్లలోకి వంకర తిరుగుతుంది. ఇక్కడ దూరం లెక్క మారిపోతుంది. పక్కకు వంగే కొద్దీ ముందుకు పోయేది తగ్గుతుంది. 210 పోవాల్సిన బంతి 185 దగ్గర రఫ్‌లో (పక్కనుండే పొడుగు గడ్డి) ఉంటుంది. తిరుగుడు తక్కువ ఉన్న టూ పీస్ బంతి అదే తప్పు స్వింగ్‌కు కొంచెం తక్కువ వంగుతుంది. స్లైస్ మానదు, ఇరవై గజాలు పక్కకు పోయేది పదిహేను పోతుంది. కానీ ఆ ఐదు గజాల్లోనే చెట్టు వెనకా, ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) అంచునా అన్న తేడా ఉంటుంది. స్లైస్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: సూపర్‌సాఫ్ట్, టైటిలిస్ట్ ట్రూఫీల్, విల్సన్ డుయో సాఫ్ట్, స్రిక్సన్ సాఫ్ట్ ఫీల్, వీటిలో మీకు సులువుగా దొరికేది తీసుకోండి. వేగంలో పోయే రెండు గజాలు వంకరలో తిరిగి వస్తాయి. మెత్తని బంతికి నేను టీ దగ్గర ఓటు వేసేది ఈ ఒక్క చోటే.

నేరుగా, మంచి ఎత్తులో కొట్టగలిగేవాళ్ళు ఇంత ఆలోచించక్కర్లేదు. గ్రీన్ దగ్గర నచ్చిన బంతి ఆడండి, టీ దగ్గర అది మిమ్మల్ని మోసం చెయ్యదు. మధ్య ధరలో స్రిక్సన్ క్యూ స్టార్ టూర్, టేలర్‌మేడ్ టూర్ రెస్పాన్స్ ఉన్నాయి. రెండూ త్రీ పీస్, పైన యూరెథేన్. ప్రో వీ1 కన్నా చవక. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆటగాడు) 15 లోపు ఉండి, డజను డబ్బా ఒక నెలైనా నిలిచేవాళ్ళకు నాకైతే ఇదే సరైన మెట్టు అనిపిస్తుంది.

వైజాగ్ గాలి, వైజాగ్ నేల

పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే సలహాలు అమెరికా ఎండిన ఫెయిర్‌వేల మీద, చలిదేశాల ఉదయాల్లో తయారైనవి. ముడసర్లోవ రిజర్వాయర్ పక్కన, కొండల మధ్య ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడేవాళ్ళకు అవి ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

మొదట గాలి. పొద్దున్న ఆరింటికి టీ ఆఫ్ చేసేవాడికీ, పదకొండు దాటాక ఇంకా ఆడుతున్నవాడికీ ఒకే కోర్సు కాదు. ఎండెక్కే కొద్దీ నేల వేడెక్కి సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. మధ్యాహ్నానికి బాగా ఊపందుకుంటుంది. ఎదురుగాలి తీసుకునేది ఎక్కువ, వెనకగాలి ఇచ్చేది తక్కువ. గంటకు పది మైళ్ళ ఎదురుగాలిలో 200 గజాల షాట్ రమారమి 20 గజాలు కోల్పోతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే 12, 14 గజాలు కలిస్తే గొప్ప. అందుకే మధ్యాహ్నం ఆడేవాళ్ళకు కిందుగా, తక్కువ తిరుగుడుతో పోయే బంతి లాభం. తెల్లవారి గాలి లేని వేళ ఆడేవాళ్ళకు ఎత్తుగా లేచే బంతి లాభం. ఒకే మనిషి రెండు వేళల్లో ఆడితే ఏం చెయ్యాలి? ఎక్కువసార్లు ఏ వేళ ఆడతారో దానికి కొనండి.

తర్వాత నేల. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల వాన. మనకు రెండు వానాకాలాలు. తడి ఫెయిర్‌వేలో బంతి పడ్డచోటే ఒక చిన్న గుంట చేసుకుని కూర్చుంటుంది. దొర్లడం అనేదే లేదు. అప్పుడు దూరం అంటే గాల్లో పోయే దూరమే. కిందుగా పోయి దొర్లుతుందని కొన్న బంతి వాననేలలో తన సగం బలం వదిలేస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నేల గట్టిపడ్డాక అదే బంతి రాజు. నన్నడిగితే వానాకాలంలో ఎత్తుగా లేచేది, ఎండాకాలంలో తక్కువ తిరిగేది. రెండు డబ్బాలు కొనే ఓపిక లేకపోతే ఎత్తుగా లేచేదే ఉంచుకోండి, మనకు తడి నెలలు తక్కువేం కావు.

ఉక్క గురించి ఒక మాట. 'ఈ తేమకు గాలి బరువెక్కిపోయింది, బాల్ పోవట్లేదు' అని వైజాగ్‌లో అనని గోల్ఫర్ ఉండడు. నిజం తలకిందులు. నీటి ఆవిరి మామూలు గాలి కన్నా తేలిక, కాబట్టి తేమ గాలి పొడి గాలి కన్నా పలచన. బంతి ఇసుమంత ఎక్కువే పోతుంది, అది కూడా గజం లోపు. పోనిది బంతి కాదు, చెమటలో తడిసిన మనమే.

వేడి మాత్రం నిజంగా మన పక్షమే. వేడెక్కిన గుండు చురుగ్గా ఉంటుంది, వేడి గాలి పలచగా ఉంటుంది. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలకూ మే మధ్యాహ్నం 35 డిగ్రీలకూ మధ్య నాలుగైదు గజాలు తేడా రావచ్చు. అలాగని బంతుల్ని ఎండలో కారు డిక్కీలో నెలల తరబడి పెట్టేయకండి, విపరీతమైన వేడికి బంతి పాడవుతుంది. సెలవులకు ఊటీ వెళ్ళి ఆడొచ్చినవాళ్ళు 'అక్కడ నా డ్రైవ్ 15 గజాలు ఎక్కువ పోయింది, ఆ బంతే కొనాలి' అంటుంటారు. అది బంతి మహిమ కాదు, ఏడు వేల అడుగుల ఎత్తులో పలచబడిన గాలి మహిమ. సముద్రమట్టానికి దిగాక ఆ గజాలు దిగిపోతాయి.

నీళ్ళలో దొరికిన బంతులు, ఉప్పునీటి పరీక్ష

నీళ్ళలోంచి, పొదల్లోంచి ఏరి అమ్మే బంతులు తక్కువ ధరకు దొరుకుతాయి. కొత్త ఆటగాళ్ళకు ఇవి మంచివే, రౌండుకు ఐదారు బంతులు పోగొట్టుకునేవాడు కొత్త డబ్బా విప్పితే గుండె పిండేస్తుంది. కానీ 'దూరం కోసం' ఇవి కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, నీళ్ళలో ఎన్నాళ్ళుందో తెలీదు. ఎక్కువ కాలం నానిన బంతి చురుకు తగ్గుతుంది, పైకి తెలీదు. రెండు, తెల్లగా కొత్తగా మెరిసిపోయేదాన్ని మరింత అనుమానించండి. పాత పెయింట్ తీసేసి మళ్ళీ రంగు, కంపెనీ ముద్ర వేసినవి ఉంటాయి. ఆ కొత్త పెయింట్ బంతి పైనుండే చిన్న చిన్న గుంటల్లో పేరుకుని వాటి లోతు మారుస్తుంది. బంతి గాల్లో పోయేదే ఆ గుంటల వల్ల. ప్రో వీ1 మీద అవి 388 ఉంటాయి. అసలు గుంటల్లేని నున్నటి బంతి ఇంచుమించు సగం దూరమే పోతుంది. కాబట్టి చిన్న చిన్న గీతలున్నా అసలు పెయింట్ ఉన్న పాత బంతే నయం. పెంకు చీలినదీ, కారు దారి సిమెంటుకు గీరుకుపోయినదీ మాత్రం ప్రాక్టీసుకు వదిలేయండి.

బంతి లోపల గుండు సరిగ్గా మధ్యలో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. లీటరు నీళ్ళలో పావు కిలో ఉప్పు వేసి బాగా కలపండి. (సముద్రపు నీళ్ళు సరిపోవు, అందులో బంతి మునిగిపోతుంది. బీచ్ రోడ్డు నుంచి సీసా పట్టుకురావద్దు.) వెడల్పాటి గాజు గిన్నెలో పోసి బంతి వేస్తే పైకి తేలి, తల మాత్రం బయట పెడుతుంది. పైనున్న చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, వేలితో గిర్రున తిప్పి వదలండి. ఆగినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కో వైపు పైకి వస్తే బంతి సమంగా ఉన్నట్టు. ఎన్నిసార్లు తిప్పినా ఆ చుక్కే చకచకా పైకి వచ్చి కూర్చుంటే ఒక పక్క బరువెక్కువ. అది టీ నుంచి నేరుగా పోవడం కష్టం. పేరున్న కంపెనీల కొత్త బంతుల్లో ఇలాంటివి అరుదు. పేరు తెలియని చవక డబ్బాల్లో ఈ పరీక్ష తప్పక చెయ్యండి.

ఎలా పరీక్షించాలి

డ్రైవింగ్ రేంజ్‌లో పరీక్షించకండి. రేంజ్ బంతులు వేరు, అరిగిపోయి ఉంటాయి, దూరం కూడా తక్కువ. ఒక రకం మూడు, ఇంకో రకం మూడు, ఒక్కో స్లీవ్ (మూడు బంతుల చిన్న డబ్బా) కొనండి. జనం తక్కువ ఉన్న రోజు, గాలి లేని పొద్దున్న, సమంగా ఉన్న ఒక హోల్ ఎంచుకోండి. ఒకటి ఈ బంతి, ఒకటి ఆ బంతి, మార్చి మార్చి కొట్టండి. ఒక రకం మూడూ వరసగా కొట్టేస్తే చివరివాటికి ఒళ్ళు వేడెక్కి ఫలితం తప్పుతుంది. దూరం ఫోన్‌లోని జీపీఎస్ యాప్‌లో చూసుకోండి. అన్నిటికన్నా దూరం పోయిన షాట్‌ను పట్టించుకోకండి, అది మనల్ని మోసం చేసేదే. మధ్యలో పడినదాన్ని చూడండి. ఎన్ని ఫెయిర్‌వేలో ఉన్నాయో చూడండి. రెండు వారాలు ఆగి మళ్ళీ ఇదే చేస్తే మంచిది.

తర్వాత అవే బంతులు పట్టుకుని గ్రీన్ పక్కకు వెళ్ళి ముప్పై గజాల నుంచి నాలుగు చిప్‌లు కొట్టండి. గట్టి డిస్టెన్స్ బంతి గ్రీన్ మీద పడి ఆగకుండా అవతలికి జారిపోతుంటే, టీ దగ్గర వచ్చిన నాలుగు గజాలు ఇక్కడ ఒక స్ట్రోక్ తినేస్తున్నాయని అర్థం. మీకది సమ్మతమైతే సరే. హ్యాండిక్యాప్ 24 ఉన్నవాడికి సాధారణంగా సమ్మతమే, వాడి స్ట్రోకులు పోయేది గ్రీన్ మీద కాదు, చెట్ల మధ్య.

హోల్ హోల్‌కూ బంతి మార్చొచ్చా అని అడుగుతుంటారు. మార్చొచ్చు. ఒక హోల్ పూర్తి చేసి, తర్వాతి టీ దగ్గర వేరే బంతి పెట్టుకోవడం రూల్స్ ప్రకారం తప్పు కాదు. పెద్ద ప్రో టోర్నమెంట్లలో మాత్రం రౌండంతా ఒకే రకం బంతి ఆడాలనే లోకల్ రూల్ పెడతారు, మామూలు క్లబ్ పోటీల్లో అది ఉండదు. కాబట్టి పొడుగు పార్ 5 దగ్గర డిస్టెన్స్ బంతి, పార్ 3 దగ్గర మెత్తనిది అని ఆడేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇది నచ్చదు. ఒక్కో బంతి పటర్‌కు ఒక్కోలా తగిలి, పుటింగ్ చేతివాటం పాడైపోతుంది.

రంగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పసుపు బంతి వానాకాలపు పచ్చటి రఫ్‌లో త్వరగా కనపడుతుంది. వెతికే టైమ్ తగ్గుతుంది, దూరం మారదు.

కొత్త రూల్ భయం

ఈ మధ్య కొందరు 'బంతుల రూల్ మారిపోతోందట, ఇప్పుడే నాలుగు డజన్లు కొని పెట్టుకోవాలి' అని టెన్షన్ పడుతున్నారు. ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ 2023 డిసెంబరులో ప్రకటించిన మార్పు సంగతే ఇది. దూరం పరిమితి అదే 317 గజాలు, మూడు గజాల సడలింపు. పరీక్షించే క్లబ్ వేగం మాత్రం 120 మైళ్ళ నుంచి 125కి పెరుగుతుంది. అంటే ఇంకా గట్టిగా కొట్టినా అదే గీత దాటకూడదు. మామూలు ఆటగాళ్ళు 2030 వరకు ఇప్పటి బంతులే ఆడుకోవచ్చు. ఆ తర్వాత కూడా నష్టపోయేది ప్రధానంగా వేగంగా కొట్టేవాళ్ళు, వాళ్ళకు 13 నుంచి 15 గజాల దాకా తగ్గవచ్చని ఆ సంస్థల అంచనా. మామూలు క్లబ్ ఆటగాళ్ళకు ఐదు గజాల లోపే. 90 మైళ్ళతో కొట్టే మనకు గుండె దడ పుట్టాల్సినంత విషయం కాదిది. ఆఫర్‌లో దొరికితే రెండు డబ్బాలు కొనుక్కోండి. ఇంట్లో, నీడపట్టున, మామూలు గది వేడిలో ఉంచితే ఇప్పటి బంతులు ఐదేళ్ళైనా చెక్కుచెదరవు.